రేవుకు తాళం

14 సెప్టెంబర్, ఆదివారం

నాగావళి రేవుకు ఈ రోజు పొద్దున్న పదిన్నరకు తాళం వేశారు. వేసింది మా తాతయ్య.

ఇంకెవరైనా అయివుంటే ఈ వాక్యం రాయడం ఎంత హాయిగా ఉండేది. పెత్తందార్లు అని మొదలుపెట్టి నాలుగు పేజీలు నింపేసేదాన్ని. కానీ ఆ పెత్తందారు మధ్యాహ్నం నా ఎదురుగానే కూర్చుని, పప్పులో ఇంగువ తగల్లేదని నాన్నమ్మతో పేచీ పెట్టుకున్నారు.

రేవు మెట్లు ఎస్టేటు కాలం నాటివి. ఇరవై రెండు రాతి మెట్లు. రాయగడలో ఈ వైపు ఎవరు నీళ్ళకు దిగాలన్నా అవే దారి. పోయినేడు తాతయ్య అధ్యక్షులుగా నదీతీర సుందరీకరణ సంఘం అని ఒకటి పుట్టింది. తొమ్మండుగురు రిటైరైన పెద్దమనుషులు. గట్టు మీద సిమెంటు నడకదారి వేయించారు, బల్లలు వేయించారు, రంగు దీపాలు పెట్టించారు, ఫోటోలు దిగేవాళ్ళు ఆనుకోవడానికి స్టీలు కమ్మీ కట్టించారు. అంతవరకూ నేనూ ఏమీ అనలేదు. ఇప్పుడు మెట్ల పైన ఆకుపచ్చ ఇనప గేటు. పక్కన బోర్డు: ఉదయం ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. మిగతా వేళల్లో నదికి సెలవు.

ఎవరిచ్చారు మీకీ అధికారం అని అడిగాను. పోయినేడు జులైలో అరగంటలో నీళ్ళు ఏడు మెట్లు మింగేశాయని, ఎవరూ చూడని వేళ ఎవరో ఒకరు పోతారని, తను తాలూకా ఆఫీసులో సిరస్తాదారుగా రిటైరైనా బుద్ధి రిటైరవలేదని చెప్పారు.

"నది ప్రజలది" అన్నాను.

"ఆరింటి నుంచీ ప్రజలదే" అన్నారు.

నాన్నమ్మ నవ్వింది. తాళం కన్నా అది ఎక్కువ బాధించింది.

ఇకనుంచి ఈ డైరీలో ఆయన తాతయ్య కారు. వెంకటాచలం గారు.

15 సెప్టెంబర్

వెంకటాచలం గారితో మాట్లాడలేదు.

16 సెప్టెంబర్

మాట్లాడలేదు. కళ్ళజోడు ఎక్కడుందని అడిగితే ఫ్రిజ్ మీద ఉందని చెప్పాను. అది సమాచారం. మాటల కింద రాదు.

18 సెప్టెంబర్, గురువారం

రేవువీధిలో సభ పెట్టాను. నా మొదటి సభ. రేవువీధి గట్టు కిందే ఉంది. సగం తెలుగిళ్ళు, సగం ఒడియా ఇళ్ళు. చాలామంది మునిసిపాలిటీ పనివాళ్ళు. హాజరు పదకొండు మంది. రెండు మేకలు కూడా చివరిదాకా ఉన్నాయి, అవి లెక్కలోకి రావు.

నా ట్రంకుపెట్టెలో ముప్ఫై ఏడు పాత విప్లవ కరపత్రాలున్నాయి, పిన్నులు తుప్పు పట్టినవి. వాటిలోంచి ఏరుకుని ముప్పావుగంట మాట్లాడాను. నీరు, నేల, గాలి మీద ఎవరికీ పట్టా లేదన్నాను. నది ఒడ్డున పుట్టినవాడికి నది మీద ఉన్న హక్కు రాజులు కూడా కాదనలేదన్నాను. గేటు పెకలించే దాకా విశ్రమించేది లేదన్నాను. ఎవరో ఆవలించారు. ఎండలో ఉన్నారు కదా, ఆకలి అయివుంటుంది.

చివర మీ డిమాండ్లు చెప్పండి అంటే అమ్మడు లేచింది. అమ్మడు నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి. మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చి రిటైరైంది. పోయినేడు నుంచి నేను ఆమెను అమ్మడత్తా అని పిలుస్తున్నాను, ఊరికే పేరు పెట్టి పిలవడం ఫ్యూడల్ అలవాటు కాబట్టి. మొదటిసారి పిలిచినప్పుడు ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది.

"గేటు పీకొద్దమ్మీ, మేకలొచ్చెత్తాయి" అంది. "కార్తీకంలో తెల్లారగట్ల తీయించు సాలు. నాలుగింటికి మునగాల నేను. ఇది అయిదో ఏడు. ఒక్క రోజు తప్పితే మొక్కు మొదటికొచ్చెత్తాది. మల్లీ అయిదేళ్ళు నాకెక్కడియ్యి?"

మిగతావాళ్ళు తలలూపారు. అంతే. ఒక నెల, రోజుకు రెండు గంటలు. ముప్పావుగంట ఉపన్యాసానికి ఇంత చిన్న డిమాండా అనిపించింది. ప్రజలకు తమ హక్కు ఎంత పెద్దదో తెలియదు. అది తెలియజెప్పడం నా పని.

గేటు కాపలా సూర్యం కూడా సభకు వచ్చాడు. అమ్మడికి సొంత మేనల్లుడు. పెదత్తకు తనే తాళం వెయ్యాల్సి వచ్చిందని తల దించుకుని నిలబడ్డాడు. వర్గ స్పృహ ఉన్న మనిషి. ఉద్యోగం కొత్తది.

21 సెప్టెంబర్, ఆదివారం

బస్టాండు దగ్గర లిప్సా టైపింగ్ సెంటర్లో కరపత్రం వేయించాను. లిప్సా నాతో చదువుకుంది. వాళ్ళిల్లు రేవువీధిలోనే, అమ్మడింటికి పక్కగోడ. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, రాస్తే మాత్రం మూడో తరగతి పిల్లలా రాస్తాను. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా అనుకున్నాం.

నేను తెచ్చింది నాలుగు పేజీలు. లిప్సా చదివి, ఇందులో గేటు మూడో పేజీలో వచ్చింది, అప్పటిదాకా ఎవరూ ఉండరు, అంది. ఒక పేజీకి కోసింది. సామ్రాజ్యవాదం పోయింది. గ్రీకు నగరాలు పోయాయి. గేటు, కార్తీకం, నాలుగు గంటలు మిగిలాయి.

గ్రీకు నగరాలు ఉండాల్సింది.

23 సెప్టెంబర్, మంగళవారం

వెంకటాచలం గారు కరపత్రం చదివారు. ఎర్ర పెన్ను తీసి ఒత్తులు దిద్దారు. తిరిగి నా బల్ల మీద పెట్టారు. కింద మార్జిన్లో: "అడిగినది స్పష్టముగా ఉన్నది. మొదటిసారి."

నేను దాన్ని చింపేశాను. తరవాత అతికించాను, సాక్ష్యం కోసం.

28 సెప్టెంబర్, ఆదివారం

గెలిచాం.

సంఘం సమావేశం మా వరండాలోనే జరిగింది. తొమ్మండుగురు, తొమ్మిది టీలు. నేను తలుపు వెనక నిలబడ్డాను. దాక్కోలేదు, నిలబడ్డాను. నాన్నమ్మ టీలిస్తూ, అందరి ముందూ, ఈ కార్తీకంలో నేను కూడా స్నానానికి వెళ్ళాలి, ఆరింటికి వెళ్తే సూర్యుడు నవ్వుతాడు, అంది. అయిదు నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. కార్తీక మాసమంతా తెల్లవారుజామున నాలుగు గంటలకు గేటు తియ్యాలి. సూర్యానికి ఉత్తర్వు ఇచ్చారు, గేటుకు కాగితం అంటించారు.

ప్రజా ఉద్యమం ఫలితమిది. నాన్నమ్మ పాత్ర కూడా కొంత ఉంది.

రాత్రి భోజనాల దగ్గర తాతయ్య, నీ విప్లవానికి అప్పడం కావాలా అన్నారు. తీసుకున్నాను. పొరపాటున తాతయ్య అని రాశాను. వెంకటాచలం గారు.

2 అక్టోబర్

దసరా. ఉద్యమానికి సెలవు.

8 అక్టోబర్, బుధవారం

చెయ్యి నొప్పిగా ఉంది. అయినా రాస్తాను.

ఎనిమిదిన్నరకు లేచి వంటింట్లోకి వెళ్తే అమ్మడు గుమ్మంలో కూర్చుని ఉంది. తడి చీర. మోకాలు చీరుకుపోయి ఉంది. నాన్నమ్మ పసుపు అద్దుతోంది. ఏమైందంటే, గేటు తియ్యలేదట. పక్కన బండరాళ్ళ మీంచి దిగిందట. ఒక రాయి జారిందట. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, వాన పడింది అన్నట్టు చెప్పింది.

ఈ రోజు ఎందుకు వెళ్ళావు, కార్తీకానికి ఇంకా పధ్నాలుగు రోజులుంది కదా, అన్నాను.

అమ్మడు నన్ను జాలిగా చూసింది. "ఏటమ్మీ, మొన్న కుమార పున్నమి ఎల్లిపోనేదా?"

నాన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. అప్పుడు ఆవిడే విప్పి చెప్పింది. ఒడియా వాళ్ళకు నెల పున్నమి నుంచి పున్నమికి. మనకు అమావాస్య నుంచి అమావాస్యకు. మన కార్తీకం దీపావళి మర్నాడు మొదలవుతుంది. వాళ్ళది అంతకు పక్షం రోజుల ముందే, కుమార పున్నమి దాటగానే వచ్చేస్తుంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదానివి, తెలీదా, అని అడగలేదు. అడిగినా బాగుండేది.

అమ్మడు తెలుగామె. కాబట్టి ఆమె కార్తీకం మా ఇంటి కార్తీకమే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ముప్పావుగంట నేను మాట్లాడాను, అర నిమిషం ఆమె మాట్లాడింది, ఆ అర నిమిషంలో ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. లిప్సాకు ఫోన్ చేస్తే, నీకు తెలుసనుకున్నాను, ఇక్కడ తెలియనివాళ్ళెవరు, అంది.

తాతయ్య వరండాలో పేపరు చదువుతున్నారు. మొత్తం చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టారు.

"సంఘంలో తొమ్మండుగురం" అన్నారు. "తొమ్మండుగురి ఇంట్లోనూ ఒకటే పంచాంగం. ఇరవై రెండో తేదీ అని రిజిస్టర్లో రాసేసేం."

అయితే సూర్యానికి ఫోన్ చెయ్యండి, రేపట్నుంచి తియ్యమనండి, అన్నాను. తీర్మానం మార్చే అధికారం తన ఒక్కడికి లేదన్నారు. మొన్న సంఘంలో ఒకాయన బావమరిది పిక్నిక్‌కు రాత్రి గేటు తియ్యమంటే తనే కాదన్నారట. ఇప్పుడు మనవరాలు అడిగిందని తీస్తే రేపు ఆ బావమరిదికి ఏం చెప్పాలి? తరవాతి సమావేశం దీపావళి వెళ్ళాక.

దీపావళి వెళ్ళాక గేటు ఎలాగూ తీస్తారు.

నేను గేటు దగ్గరికి పరిగెత్తాను. గట్టు మీద దొరికిన పెద్ద రాయి తీసుకుని తాళాన్ని కొట్టాను. సూర్యం అడ్డం వచ్చాడు. "కొట్టకు మేధమ్మా, తాళం నా పేరున రాసిచ్చేరు." ఇంకో రెండు కొట్టాను. రాయి రెండు ముక్కలైంది. తాళానికి చిన్న గీత పడింది. నా బొటనవేలు వాచింది. సూర్యం తన వాటర్ బాటిల్ నీళ్ళు పోసి, రుమాలు కట్టి పంపించాడు.

అణచివేత యంత్రాంగం నాకు కట్టు కట్టింది. ఈ వాక్యం ఏ కరపత్రంలోనూ లేదు.

9 అక్టోబర్, గురువారం

పొద్దున్న మూడున్నరకు లేచాను. ఆ వేళకు ఈ ఊరు ఉంటుందని నాకు తెలియదు.

అమ్మడి చెయ్యి పట్టుకుని గట్టు దాకా నడిచాను. పున్నమి దాటి మూడు రోజులే అయింది, చందమామ రైలు వంతెన మీద ఇంకా నిండుగానే ఉన్నాడు. నది మీద పొగలాంటి మంచు. గేటు ముందు నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే పక్కకు తిరిగి బండరాళ్ళ దారి పట్టారు. లెక్కపెట్టాను, అమ్మడితో కలిపి ఇరవై ఇద్దరు. ఎక్కువమంది ముసలివాళ్ళు. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని దిగుతున్నారు. మా తొమ్మండుగురు పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా ఈ వరస చూసి ఉండరు. నేనూ చూడలేదు, నిన్నటిదాకా.

సూర్యం గేటు లోపల నిలబడి కమ్మీల మధ్య నుంచి టార్చ్ వేస్తున్నాడు, బండరాళ్ళ మీదకు. తాళం తియ్యకూడదని ఉత్తర్వు ఉంది. వెలుతురు గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

గట్టు మీద స్టీలు కమ్మీ వెన్నెల్లో మెరుస్తోంది, ఆనుకునే వాళ్ళెవరూ లేక. జారే రాళ్ళ మీద పట్టుకోవడానికి అమ్మడికి నా వాచిన బొటనవేలు ఉంది.

నీళ్ళలో మోకాటి లోతుకు దిగి అమ్మడు ఒక మునక వేసింది. లేచి, ముక్కు తుడుచుకుని, ఇంకో మునక వేసింది. రెండెందుకు అని అడిగాను. ఈసారి అడిగాను.

"మొదటిది నాది" అంది. "రెండోది లిప్సా జేజిమాది."

లిప్సా నాన్నమ్మ. ముప్ఫై ఏళ్ళుగా అమ్మడికి పక్కగోడ నేస్తం. ఈ మొక్కు ఇద్దరూ కలిసి పట్టారు, ఆవిడ నెల ప్రకారం. ఆవిడ ఈ వేసవిలో పోయింది. నాలుగేళ్ళు మునిగేను, మిగిలిన ఒక్క ఏడాదీ నా బదులు నువ్వు మునుగు అని అడిగిందట. అమ్మడు సరే అంది. మునగడానికి ఏముంది, ఒకటి మునిగేచోట రెండు, అంది.

"సచ్చిపోయినోళ్ళకి మాటిస్తే మరి తగ్గించుకోనేమమ్మీ. బతికున్నోళ్ళైతే బేరమాడొచ్చు."

ఒడ్డున రాళ్ళ మీద ఒడియా ముసలమ్మలు మురుజ పొడితో రంగుల ముగ్గు వేస్తున్నారు. అందులో ఒకావిడ నన్ను చూసి, వెంకటాచలం మనవరాలివా, మీ తాతకు చెప్పు, ముగ్గు వెయ్యడానికి మెట్టు బాగుంటుంది, రాయి బాగోదు, అంది. అంతే. ఆవిడ కూడా ఏ వ్యవస్థనూ కూల్చమనలేదు.

ఎక్కేటప్పుడు అమ్మడు మూడుసార్లు ఆగింది. మోకాలు బిగుసుకుపోయింది. గేటు తీసేదాకా ఇంకా పదమూడు రోజులు. ఈ రాళ్ళ మీద పదమూడు రోజులు ఆ మోకాలు ఆగదు. ఆమెకూ తెలుసు.

అదే రోజు, సాయంత్రం

తాతయ్యతో మళ్ళీ యుద్ధం. ఈ రోజు చూసినదంతా చెప్పాను. టార్చ్ సంగతి తప్ప, సూర్యం ఉద్యోగం పోతుందేమోనని. రెండు మునకల సంగతి చెప్పినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

అయినా ఒప్పుకోలేదు. "నేను దయ తలిచి తీస్తే, ఇంకో అధ్యక్షుడు దయ లేక వేస్తాడు" అన్నారు.

అచ్చంగా ఈ మాటే నా కరపత్రాల్లో ఉంది, పదకొండో దాంట్లో అనుకుంటా. ఆయన నోట వినడం ఇబ్బందిగా ఉంది. ఆయనతో ఏకీభవించడం ఇంకా ఇబ్బందిగా ఉంది.

"నీ పెట్టెలో కాయితాలన్నీ చదివేవు కదా. మా సంఘం నిబంధనావళి చదివేవా?" అన్నారు లేస్తూ.

చదవలేదు. పద్నాలుగు పేజీల పుస్తకం, ఆయనే రాసింది. మధ్యలో ఒక పేజీ దగ్గర పాత కరెంటు బిల్లు పెట్టి ఉంది. అనుకోకుండా ఉండిపోయిందట.

ఆ పేజీ నేనే కనిపెట్టాను.

ఏడో నిబంధన: తీరపు వార్డులో నివసిస్తూ నదిని వాడుకునే ప్రతి వయోజనుడూ సంఘ సభ్యుడే. నవ్వొచ్చింది. సంఘం రిజిస్టర్ చేసేటప్పుడు ఫారంలో సభ్యుల సంఖ్య ఘనంగా కనిపించాలని రాసుకున్నారు. రాసుకుని మర్చిపోయారు. రేవువీధి మొత్తం ఏడాదిగా సభ్యులు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

పదకొండో నిబంధన: పదిమంది సభ్యులు రాతపూర్వకంగా కోరితే సర్వసభ్య సమావేశం జరపాలి. నోటీసు మూడు రోజులు. వేళ, స్థలం కోరినవారు నిర్ణయించవచ్చు. ఇరవై అయిదుగురు హాజరైతే ఏ తీర్మానాన్నయినా మార్చవచ్చు.

ముప్ఫై ఏడు కరపత్రాలు చదివిన నేను, మా ఇంట్లో రాసిన పద్నాలుగు పేజీలు చదవలేదు.

10 అక్టోబర్, శుక్రవారం

పది సంతకాలు. ఆరు వేలిముద్రలు, నాలుగు సంతకాలు, అందులో మూడు ఒడియాలో. రేవువీధిలో అరుగు మీద కూర్చుని తీసుకున్నాను. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. ఏం కావాలి, ఎప్పుడు, ఎందుకు అని అడిగి రాసుకున్నాను. మేకలు కూడా వచ్చాయి. ఉపన్యాసం లేదని నిరాశగా వెళ్ళిపోయినట్టున్నాయి.

మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ కావాలని అమ్మడు చెప్పింది. గట్టు మీద ఫోటోల కోసం కట్టినదాన్ని కిందికి దింపి మెట్ల పక్కన పాతితే సరిపోతుందని కూడా ఆమే చెప్పింది. నాకు తట్టలేదు.

కాగితం తాతయ్యకు ఇచ్చాను. అచ్చం ఆఫీసులోలాగే కళ్ళజోడు సర్దుకుని, వేలిముద్రల పక్కన పేర్లు ఉన్నాయో లేదో చూసి, సొరుగులోంచి రబ్బరు స్టాంపు తీసి అందినది అని కొట్టి, తేదీ, గంట వేసి సంతకం చేశారు. తరవాత వేలితో చూపించారు.

"వేళ రాయలేదే."

నాలుగు గంటలు అన్నాను.

"సాయంత్రమా?"

"తెల్లవారుజామున. రేవు గేటు ముందు."

"మావాళ్ళు ఎవరూ రారే ఆ వేళకి."

"మీవాళ్ళు తొమ్మండుగురు. మావాళ్ళు ఆ వేళకి అక్కడే ఉంటారు, ఇరవై ఇద్దరు."

ఆయన పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు చాలాసేపు కదిలింది.

11 అక్టోబర్

నాలుగింటికి రేవు. అమ్మడు రెండు మునకలు. మోకాలు వాచింది.

నాన్న లక్ష్మీపూర్ నుంచి వచ్చారు. బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టావా అని అడిగారు. మంగళవారం తరవాత చెప్తానన్నాను. మంగళవారం ఏముంది అని తాతయ్యను అడిగారు. "మీటింగ్" అన్నారు తాతయ్య, మా ఇద్దరికీ ఒకే ఆఫీసు అన్నట్టు.

12 అక్టోబర్, ఆదివారం

నాలుగింటికి రేవు. ఈ రోజు అమ్మడిని నేనూ, ఇంకో ఇద్దరూ దాదాపు మోసుకుని దింపాం. ఇవాళ ఒక్క మునకతో సరిపెట్టుకోకూడదా అన్నాను. ఎవరిది మానమంటావు, నాదా దానిదా, అని అడిగింది. రెండో మునకకు చెయ్యి అందించాను.

మధ్యాహ్నం సంఘం సభ్యులొకాయన ఫోన్ చేసి గోల పెట్టారు. తెల్లవారుజామున నాలుగేమిటి, అది సభ పెట్టుకునే వేళా, దొంగలు తిరిగే వేళ, అని. తాతయ్య ఫోన్‌లో చాలా మర్యాదగా చెప్పారు: "నిబంధనల్లో వేళ గురించి ఏమీ లేదండీ. నేనే రాసేను, నాకు తెలుసు."

13 అక్టోబర్, సోమవారం

లెక్క సరిపోలేదు.

ఇరవై ఇద్దరు స్నానాల వాళ్ళు. నేను ఇరవై మూడు. లిప్సా ఇరవై నాలుగు. జేజిమా పోయాక ఆ రేవు వైపు రాలేదు, రేపు వస్తానంది. సూర్యం జీతం తీసుకునే మనిషి, నిబంధన ప్రకారం ఓటు లేదు. అధ్యక్షుణ్ణి హాజరులో కలపకూడదట, ఆయనే రాసుకున్నారు అది కూడా. సంఘం పెద్దమనుషులు రారు. రాకుండా ఉంటేనే సభ చెల్లదని ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారట. ఒక్కరు తక్కువ. రేవువీధిలో మగవాళ్ళంతా ఆ వేళకు మునిసిపాలిటీ డ్యూటీలో ఉంటారు. ఇంటింటికీ తిరిగాను. ఒకావిడకు పసిబిడ్డ, ఒకాయనకు జ్వరం. జ్వరం ఆయన వస్తానన్నాడు, నేనే వద్దన్నాను.

ఇరవై నాలుగుతో సభ జరిగితే చెల్లదు. మళ్ళీ మూడు రోజుల నోటీసు. అమ్మడి మోకాలికి మూడు రోజుల నోటీసు ఇవ్వడం కుదరదు.

వంటింట్లో కూర్చుని ఈ లెక్కే పదిసార్లు వేస్తుంటే, నాన్నమ్మ చింతపండు పిసుకుతూ అంది:

"నేను వార్డులో లేనా, వయోజనురాలిని కానా?"

నువ్వు ఇరవై రెండో తేదీ నుంచి కదా స్నానానికి, అన్నాను.

"స్నానానికి రాను. నా కార్తీకం ఇంకా రాలేదు. తల లెక్కకి వస్తాను. తల తడవక్కర్లేదు కదా, నిబంధనల్లో?"

హాల్లోంచి తాతయ్య గొంతు: "అక్కర్లేదు."

ఇరవై అయిదు.

తీర్మానం నేనూ, తాతయ్యా కలిసి రాశాం. కలిసి అంటే నేను రాశాను, ఆయన కొట్టేశారు, నేను అరిచాను, ఆయన మళ్ళీ రాశారు. నా మాట: ఏ నెలలోనూ ఏ వేళలోనూ రేవు గేటుకు తాళం ఉండకూడదు. ఆయన మాట: వరద హెచ్చరిక ఉన్న రోజులు తప్ప. దాని మీద గంట పోట్లాడుకున్నాం. ఏడు మెట్లు మునిగిన రోజు, నీళ్ళలోకి దిగి ఇద్దరు పిల్లలను చెయ్యి పట్టి లాగింది సూర్యం అట. ఆ తరవాతే ఆ ఉద్యోగం ఇచ్చారట. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. వరద రోజులు తప్ప అని రాశాను, నా చేత్తోనే. ఒత్తులు ఆయన దిద్దారు.

రెండో తీర్మానం అమ్మడిది. గట్టు మీది కమ్మీ మెట్లకు దింపాలి.

తాతయ్య అధ్యక్షత వహిస్తారు. ఓటు ఎటు వేస్తారని అడిగాను. ఓట్లు సమానమైతేనే అధ్యక్షుడికి ఓటు, ఆ అవసరం రాకుండా చూసుకో, అన్నారు. తన దగ్గరున్న రెండో తాళంచెవి తెస్తారా అని అడిగాను. "సభ అయ్యాక తీర్మానం అమలు చెయ్యాలి కదే, చెవి లేకుండా ఎలా?" అన్నారు.

లిప్సా ఇంకాసేపట్లో వస్తుంది, రెండు భాషల్లోనూ టైపు చెయ్యడానికి. ఆమెకు ఇవ్వాల్సింది ఇక్కడే రాస్తున్నాను. ఒక పేజీ కూడా లేదు. కొయ్యడానికి ఏమీ మిగల్లేదు.

రేవువీధి సభ్యులందరికీ. ఏ పంచాంగం వాళ్ళయినా సరే.

రేపు, అక్టోబర్ 14, మంగళవారం, తెల్లవారుజామున నాలుగు గంటలకు, నాగావళి రేవు గేటు ముందు సర్వసభ్య సమావేశం. ఇరవై అయిదు మందీ ఉండాలి, ఒక్కరు తగ్గినా చెల్లదు. సభ గేటుకు ఇవతల మొదలై, మెట్ల కింద ముగుస్తుంది. గుర్తుంచుకోండి, నాలుగు గంటలకు. తువ్వాళ్ళు తెచ్చుకోండి.